తాతయ్యకి బేస్‌బాల్ చెప్పడం ఎలా

అమెరికాలో మనవడు బేస్‌బాల్ ఆడుతున్నాడని తెలిసిన దగ్గర్నుంచి రాజోలులో మా తాతయ్య అదేం ఆటరా అని ఒకటే గొడవ. మీ ఇంట్లోనూ ఇలాంటివాళ్లుంటే రూల్స్‌తో మొదలెట్టకండి. నేను తొమ్మిది ఇన్నింగ్స్ గురించి చెప్పేలోపే ఆయన కునుకు తీశారు.

ఆటగాళ్ల కుటుంబాల గురించి చెప్పండి, ముందుగా జో డిమాజియో. వాళ్ల నాన్న సిసిలీ నుంచి వలసొచ్చి శాన్‌ఫ్రాన్సిస్కోలో చేపలు పట్టేవాడు, కొడుకులూ పడవెక్కాలని ఆయన ఆశ, జోకి మాత్రం ఆ వాసనే పడదు. అంతర్వేది రేవు చూసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. చివరికి విన్స్, జో, డామ్ ముగ్గురన్నదమ్ములూ అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్దదైన మేజర్ లీగ్‌లో ఆడారు, 1941లో జో వరసగా 56 మ్యాచ్‌ల్లో హిట్ (బంతిని కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరడం) కొట్టాడు. 1954లో హాలీవుడ్ తార మారిలిన్ మన్రోతో పెళ్లి, ఏడాది తిరక్కుండానే విడిపోవడం మాత్రం మామ్మ పక్కనున్నప్పుడే చెప్పండి, ఆవిడే ఎక్కువ చెవులు రిక్కిస్తారు.

తర్వాత జాకీ రాబిన్సన్, ఇక్కడ తొందరపడొద్దు. తండ్రి వదిలేసి పోతే తల్లి మాలీ ఐదుగురు పిల్లల్ని ఇళ్లల్లో పనిచేసి పెంచింది. అన్న మాక్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్ 200 మీటర్ల పరుగులో జెస్సీ ఓవెన్స్ తర్వాత రెండోవాడు. నల్లజాతివాళ్లని దశాబ్దాలపాటు రానివ్వని మేజర్ లీగ్‌లో 1947లో జాకీ అడుగుపెట్టాడు. తాతయ్య ఆ తల్లి గురించే మళ్లీ మళ్లీ అడిగారు.

టైముంటే గ్రిఫీ తండ్రీకొడుకులు: 1990లో సియాటెల్‌కి ఒకే జట్టులో ఆడుతూ, ఒకే మ్యాచ్‌లో ఒకరి వెంట ఒకరు హోమ్ రన్లు (మన క్రికెట్ సిక్సర్ లాంటివి) బాదారు. రూల్స్ సంగతి ఆయనే అడిగినప్పుడు చూసుకోవచ్చు.