సంపు నిండినా నీళ్లు ఆగడం లేదా? బంతిని చెవి దగ్గర ఊపి చూడండి

సమస్య: తెల్లారేసరికి సంపు నిండింది, కొళాయి మాత్రం ఆగలేదు. నీళ్లు వాకిలి దాటి వీధిలోకి పారుతున్నాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో అలా నీళ్లు పోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. మా ఇంట్లో ఇదే జరిగితే ఫ్లోట్ వాల్వు (సంపు నిండగానే కడ్డీ చివర తేలే బంతి పైకి లేచి నీళ్లు ఆపే కొళాయి) పోయిందని కొత్తది కొనబోయాను. తీరా చూస్తే పోయింది బంతి.

కారణం: నీళ్లలో పెట్టిన ఏ వస్తువైనా కొన్ని నీళ్లను పక్కకు తోస్తుంది. ఆ నీళ్ల బరువు ఎంతో, అంత బలంతో నీళ్లు దాన్ని పైకి నెడతాయి. ఆర్కిమెడిస్ సూత్రం ఇదే. 12 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న బంతి పూర్తిగా మునిగితే దాదాపు 900 గ్రాముల నీళ్లను తోస్తుంది. అందులోంచి బంతి సొంత బరువు పోగా మిగిలిన బలమే కడ్డీని పైకెత్తి వాల్వు మూస్తుంది. సన్నని చీలికలోంచి లోపలికి అర లీటరు నీళ్లు చేరాయనుకోండి. బంతి సైజు మారదు కాబట్టి పైకి నెట్టే బలమూ పెరగదు, బరువు మాత్రం అర కిలో పెరుగుతుంది. ఇక వాల్వు సగమే మూసుకుంటుంది.

బరువైనవి మునుగుతాయని చిన్నప్పటి నుంచీ అనుకుంటాం గానీ, చూడాల్సింది సైజుకు ఎంత బరువు అన్నది. సంపు మీద మూసే కడప బండ లీటరు నీళ్లు పట్టేంత చోటుకు సుమారు 2.7 కిలోలు తూగుతుంది, అందుకే మునుగుతుంది. మునిగినా నీళ్లు దాన్ని నెడుతూనే ఉంటాయి. 27 కిలోల బండ నీళ్లలో 17 కిలోలే అనిపిస్తుంది. చిన్న ముక్కకు తాడు కట్టి బకెట్లోకి దించండి, చేతికే తెలుస్తుంది.

పరిష్కారం: బంతిని విప్పి ఊపండి. గుడగుడమంటే లోపల నీళ్లున్నట్టే. వేడినీళ్ల బకెట్లో అదిమిపట్టి మెల్లగా తిప్పండి. లోపలి గాలి వ్యాకోచించి, చీలిక ఉన్నచోట బుడగలు వస్తాయి. మాదానికి మర దగ్గర వెంట్రుకంత గీత కనిపించింది. ఎంసీల్ పెడితే కొన్నాళ్లు ఆగుతుంది గానీ, బంతి మార్చడమే మేలు. అదే సైజు తీసుకోండి. 10 సెంటీమీటర్లది తెస్తే 900 గ్రాముల బలం కాస్తా 520కి పడిపోతుంది.

గుడగుడ లేదా? అయితే కడ్డీ కీలు చూడండి. బోరు నీళ్ల ఉప్పు తెల్లగా పేరుకుని పట్టేసి ఉంటుంది. నిమ్మరసంతో నానబెట్టి రుద్దితే వదులుతుంది. అప్పటికీ కారితే వాషర్ మార్చండి.