విమాన దూరం, కాలం లెక్కలు – 3వ పాఠం: దీవి నుంచి దీవికి

కిందటి పాఠంలో విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు మ్యాపులో చూసి రాసుకోవడం నేర్చుకున్నాం. ఈసారి వాటితో దూరం తీద్దాం. హవాయిలో హోనొలులు నుంచి హీలోకి వెళ్దాం. మధ్యలో సముద్రమే కాబట్టి రోడ్డు దూరం అన్న మాటే లేదు.

హోనొలులు: ఉత్తరం 21.32, పడమర 157.92. హీలో: ఉత్తరం 19.72, పడమర 155.05.

ఒక డిగ్రీకి 60 కళలు. ఇంగ్లిషులో వీటినీ మినిట్స్ అనే అంటారు. గడియారం నిమిషాలతో కలిసిపోకుండా మన పాత పేరే వాడుతున్నాను. ఉత్తర దక్షిణాలుగా ఒక కళ దూరం దాదాపు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. అక్షాంశాల తేడా 1.60 డిగ్రీలు, 60తో గుణిస్తే 96 నాటికల్ మైళ్లు.

రేఖాంశాల దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. తేడా 2.87 డిగ్రీలు, అంటే 172 కళలు. వీటిని అలాగే మైళ్లు అనుకోకూడదు. ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కదా, అందుకని సగటు అక్షాంశం 20.52 డిగ్రీల కోసైన్‌తో గుణించాలి. కాలిక్యులేటర్‌లో 0.937 రావాలి. మైనస్ 0.1 వచ్చిందా? అది రేడియన్లలో ఉంది, డిగ్రీలకు మార్చండి. 172ను 0.937తో గుణిస్తే 161.

ఇక పైథాగరస్. 96 వర్గం, 161 వర్గం కూడి వర్గమూలం తీస్తే సుమారు 188 నాటికల్ మైళ్లు, అంటే 348 కిలోమీటర్లు. ఇంత చిన్న దూరానికి భూమి గుండ్రమన్న సంగతి మరిచిపోయినా ఫరవాలేదు. వేల కిలోమీటర్లయితే ఈ పద్ధతి పనికిరాదు, దాని సంగతి 5వ పాఠంలో.

కాలానికి వద్దాం. జెట్ వేగం గంటకు 450 నాటికల్ మైళ్లనుకుంటే 188కి 25 నిమిషాలు. టికెట్ మీద మాత్రం దాదాపు రెట్టింపు ఉంటుంది. అందులో మోసమేమీ లేదు. ఇంత దగ్గరి ప్రయాణంలో విమానం పైకెక్కడం, దిగడంతోనే చాలాసేపు గడుస్తుంది, పూర్తి వేగంతో పోయేది కాసేపే. పైగా టికెట్ కాలాన్ని గేటు నుంచి గేటు దాకా లెక్కిస్తారు, రన్‌వే దాకా నేల మీద పాకే సమయమూ అందులోదే. నేనైతే ఎక్కడం దిగడానికి 10 నిమిషాలు, నేల మీద నడకకు 15 కలుపుతాను. మొత్తం 50.

దూరం తగ్గేకొద్దీ మొత్తం కాలంలో ఈ అదనం వాటాయే ఎక్కువవుతుంది. స్కాట్లండ్‌లోని ఓర్క్నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి 2.7 కిలోమీటర్లే. చిన్న విమానం రెండు నిమిషాల్లోపే దాటేస్తుంది. అక్కడ వేగంతో భాగించి కాలం తీయడం వృథా ప్రయాస.

అభ్యాసం: హోనొలులు నుంచి కహులుయి (ఉత్తరం 20.90, పడమర 156.43). దూరం 87 నాటికల్ మైళ్ల దగ్గర తేలాలి. 93 వచ్చిందంటే కోసైన్ మరిచిపోయారన్నమాట.