రైల్స్ ట్యూబ్ ఫీడ్: షుగర్ పెరుగుతుంటే ముందు డబ్బా వెనక చూడండి

పక్షవాతంతో ముక్కులో పైపు (రైల్స్ ట్యూబ్) పెట్టి ఇంటికి పంపిన షుగర్ పేషెంట్‌ను చూసుకునేవాళ్లు, రీడింగ్ 300 దాటగానే ఇన్సులిన్ పెంచమని అడగడం కాదు, ఆ పైపులోకి ఏం పోతోందో ముందు చూడాలి.

పైపులో పోసే ఫీడ్ పౌడర్ డబ్బా మీద 'షుగర్ కలపలేదు' అని ఉన్నా సరే, వెనక్కి తిప్పండి. పదార్థాల జాబితాలో మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి నుంచి తీసే ఒక కార్బోహైడ్రేట్) అని మొదట్లోనే కనిపిస్తే, అది పెద్దగా తియ్యగా ఉండకపోయినా దాదాపు గ్లూకోజ్ అంత వేగంగా రక్తంలో కలుస్తుంది. తర్వాత 100 గ్రాముల పొడిలో కార్బోహైడ్రేట్ ఎంతో చూసి, 4తో గుణించి, అదే 100 గ్రాముల మొత్తం క్యాలరీలతో భాగించండి. 55 గ్రాములు, 440 క్యాలరీలు అనుకుంటే 220 బై 440, అంటే క్యాలరీల్లో సగం కార్బోహైడ్రేట్ నుంచే. మామూలు పౌడర్లు చాలావరకు ఇంతే, లేదా ఇంకాస్త ఎక్కువ. షుగర్ వాళ్ల కోసం చేసినవాటిలో ఈ వాటా తక్కువ, మంచి కొవ్వులు ఎక్కువ, పీచు కూడా ఉంటుంది, పైగా కొన్నిట్లో ఐసోమాల్టులోజ్ లాంటి నిదానంగా అరిగేవి వాడతారు కాబట్టి ఫీడ్ తర్వాత షుగర్ అంతగా ఎగబాకదు. ధర ఎక్కువే. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డైటీషియన్‌ను అడగకుండా కొనకండి.

ఇక మన నల్లగొండలో పేషెంట్‌ను చూడ్డానికి వచ్చేవాళ్లు బత్తాయిలు తెస్తారు. ప్రేమతోనే తెస్తారు, కానీ వడకట్టిన రసం పైపులో పోస్తే షుగర్ వెంటనే పెరుగుతుంది. జొన్నలు మంచివే కదా అంటారు. నమిలి తినే జొన్న రొట్టె వేరు, పైపులో అడ్డుపడకుండా మెత్తగా ఉడికించి బట్టలో వడకట్టిన అంబలి వేరు, ఎందుకంటే పీచు చాలావరకు ఆ బట్టలోనే ఉండిపోతుంది.

డాక్టర్ చెప్పిన రోజు మొత్తాన్ని చిన్న చిన్న ఫీడ్లుగా పోస్తే షుగర్ ఒక్కసారిగా పెరగదు. ఎప్పుడు ఏం పోశారు, ఎన్ని ఎం.ఎల్., ఇన్సులిన్ ఎంత, రీడింగ్ ఎంత, అన్నీ నోట్‌బుక్‌లో రాయండి.

పౌడర్ మార్చాలనుకుంటే ముందే డాక్టర్‌కు చెప్పండి, దయచేసి. పాత ఫీడ్‌కు సరిపడా ఇన్సులిన్ ఇచ్చి కార్బోహైడ్రేట్ తక్కువున్న కొత్త ఫీడ్ పోసినా, ఇన్సులిన్ ఇచ్చాక వాంతులయ్యో పైపు ఊడిపోయో ఫీడ్ ఆగినా షుగర్ బాగా పడిపోతుంది, మాట రాని మనిషి ఆ సంగతి చెప్పలేరు. చెమటలు, మగత కనిపిస్తే వెంటనే వేలి నుంచి రక్తం తీసి చూడండి. 70 కంటే తక్కువుంటే, పైపు సరిగ్గా ఉందని చూసుకుని 15 గ్రాముల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి పోసి, 15 నిమిషాలకు మళ్లీ చెక్ చేసి, డాక్టర్‌కు ఫోన్ చేయండి. పైపు ఊడిపోయి ఉంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి కాల్ చేయండి.