టెస్టులన్నీ పాస్, నడిచినవి సున్నా: ఫలితాలను తప్పుగా చదివే కోడును సరిచేయడం

ఇక్కడ చెప్పేవి టెస్టుల్లోని తప్పులు కావు. టెస్టులు నడిచాక ఆ ఫలితాలను చదివి, దాచి, పచ్చరంగో ఎరుపురంగో వేసే కోడులోని తప్పులు. ఉదాహరణలు ఎక్కువగా పైథాన్‌లో టెస్టులు నడిపే సాధనాలైన యూనిట్‌టెస్ట్, పైటెస్ట్‌ల నుంచి ఇస్తున్నాను. నా రోజువారీ పని వాటితోనే.

లక్షణం: బిల్డు (కోడును కూర్చి టెస్టులు నడిపే ప్రక్రియ) పచ్చగా ఉంది, నడిచిన టెస్టులు సున్నా

ఒకసారి మా బృందంలో టెస్టు ఫైళ్ల పేర్లన్నీ మార్చాం. ‘టెస్ట్’ అనే మాట ముందు ఉండేది, దాన్ని చివరికి తెచ్చాం. మరుసటి బిల్డు మునుపెన్నడూ లేనంత వేగంగా ముగిసింది. కొత్త సర్వరు మహిమ అనుకున్నాం. నడవని టెస్టులకు సమయం పట్టదు మరి!

కారణం రెండు చోట్ల ఉంది. యూనిట్‌టెస్ట్ తనంతట తాను వెతికేటప్పుడు, వేరే చెప్పకపోతే, పేరు ‘టెస్ట్’తో మొదలయ్యే ఫైళ్లనే చూస్తుంది. పైటెస్ట్ ‘టెస్ట్_’తో మొదలయ్యేవాటినీ, ‘_టెస్ట్’తో ముగిసేవాటినీ తీసుకుంటుంది. పైగా పైథాన్ 3.12కు ముందు, ఒక్క టెస్టూ దొరకకపోయినా యూనిట్‌టెస్ట్ కింద ‘ఓకే’ అని రాసి ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రాము ముగిసేటప్పుడు ఇచ్చే సంఖ్య, 0 అంటే అంతా బాగుందని) 0 ఇచ్చేది. ఇప్పుడు 5 ఇస్తోంది. పైటెస్ట్‌లోనూ టెస్టులు దొరకలేదనడానికి గుర్తు 5.

రెండో చోటు మన కోడే. ఫలితాల జాబితాను పైథాన్ ‘ఆల్’ ఫంక్షన్‌కు ఇచ్చి అన్నీ పాసేనా అని అడుగుతాం. జాబితా ఖాళీ అయితే అది ‘ట్రూ’ అంటుంది. తర్కం ప్రకారం తప్పేమీ లేదు: పెళ్లికి వచ్చినవాళ్లలో ఒక్కరూ అలగలేదు, ఎందుకంటే ఎవరినీ పిలవలేదు.

పరిష్కారం: నడిచిన టెస్టుల సంఖ్య సున్నాకన్నా ఎక్కువా అన్నది ముందు చూడండి, ఆ తర్వాతే పాస్ సంగతి. కిందటి బిల్డుతో పోలిస్తే సంఖ్య ఒక్కసారిగా పడిపోతే బిల్డును ఆపేయండి. ఎగ్జిట్ కోడ్ 5 వస్తే పర్వాలేదని స్క్రిప్టులో ఎవరైనా ఒక వరుస రాసి ఉంటే, దాన్ని ఈరోజే తీసేయండి.

లక్షణం: తెర మీద ఫెయిల్ కనిపిస్తోంది, బిల్డు మాత్రం పాస్

ముందు స్క్రిప్టులో పైపు గుర్తు (ఒక కమాండ్ రాసేదాన్ని మరోదానికి పంపే ‘|’) కోసం వెతకండి. పైటెస్ట్ రాసేదాన్ని ‘టీ’ కమాండ్‌కు పంపి లాగ్ ఫైలులో దాచుకోవడం అందరికీ అలవాటే. షెల్ అప్పుడు చివరి కమాండ్ ఎగ్జిట్ కోడ్‌నే చూస్తుంది. ‘టీ’ తన పని తాను చక్కగా చేసింది కాబట్టి 0 వస్తుంది. బాష్ స్క్రిప్టు మొదట్లో ‘సెట్ -ఓ పైప్‌ఫెయిల్’ చేర్చితే సరిపోతుంది.

పైపు లేకపోతే, ఎగ్జిట్ కోడ్‌ను పోల్చే తీరు చూడండి. లినక్స్‌లో పైథాన్ సబ్‌ప్రాసెస్ (వేరే ప్రోగ్రామును నడిపే మాడ్యూలు) ద్వారా నడిపిన టెస్టు సిగ్నల్ (ఆపరేటింగ్ సిస్టం పంపే సంకేతం) తగిలి చనిపోతే రిటర్న్ కోడ్, అంటే అదే ఎగ్జిట్ కోడ్, రుణ సంఖ్యగా వస్తుంది: మెమరీ తప్పుతో కూలితే -11, బలవంతంగా చంపేస్తే -9. రిటర్న్ కోడ్ సున్నాకన్నా పెద్దదైతేనే ఫెయిల్ అని రాసుకున్న ప్రోగ్రాముకు ఈ రెండూ పాస్‌లే. ఇంకా ముగియని ప్రాసెస్ రిటర్న్ కోడ్ ‘నన్’ (పైథాన్‌లో విలువ లేదని చెప్పేది). ‘ఇఫ్ నాట్’ అని అడిగేవారికి సున్నా, నన్ ఒకటే. సరిగ్గా సున్నాయేనా అని అడగడం ఒక్కటే భద్రం.

లక్షణం: ఒకేసారి రెండు వందల టెస్టులు ఎర్రబడ్డాయి, కోడులో ఎవరూ ఏమీ మార్చలేదు

చాలాసార్లు డేటాబేస్ లేవలేదనో, ఫిక్స్‌చర్ (టెస్టుకు ముందు కావలసినవి సిద్ధం చేసే కోడు) విరిగిందనో అర్థం. ఇది ‘ఫెయిల్యూర్’ కాదు, ‘ఎర్రర్’. మొదటిది కోడు తప్పు జవాబు చెప్పిందనడం, రెండోది ప్రశ్నే అడగలేకపోయామనడం. రెండింటినీ ఒకే ‘పాస్ అయిందా, అవును/కాదు’ గడిలో కుక్కితే, తప్పు చేయని డెవలపర్ సాయంత్రమంతా తన కోడులో తవ్వుకుంటాడు.

ఒక మెలిక ఉంది. యూనిట్‌టెస్ట్‌లో అసర్షన్ (జవాబు ఇలా ఉండాలన్న తనిఖీ) తప్పితేనే ఫెయిల్యూర్, ఇంకే ఎక్సెప్షన్ (నడుస్తుండగా వచ్చే తప్పు) వచ్చినా ఎర్రర్. పైటెస్ట్‌లో టెస్టు లోపల ఏ ఎక్సెప్షన్ వచ్చినా ఫెయిల్యూరే. టెస్టుకు ముందు నడిచే సెటప్, తర్వాత నడిచే టియర్‌డౌన్‌లలో వస్తేనే ఎర్రర్. ఒకదాని నుంచి మరొకదానికి మారినవారి పాత గ్రాఫులు అందుకే ఏమీ మారకుండానే మారిపోతాయి.

టెస్టు ఫలితాలను రాసుకునే ఫైలు రూపమైన జేయూనిట్ ఎక్స్ఎంఎల్‌ను చదివే కోడులో ఇంకో గుంట. ఆ రిపోర్టులో టెస్ట్‌కేస్ ట్యాగు లోపల ఏమీ లేకపోతే పాస్ అని అర్థం. ‘ఫెయిల్యూర్’ ట్యాగు ఉందా అని మాత్రమే చూసి ‘ఎర్రర్’, ‘స్కిప్డ్’ ట్యాగులను మరచిన పార్సర్లు నేను చాలానే చూశాను. డేటాబేస్ పడిపోయిన రోజు వాటి రిపోర్టు అన్నిటికన్నా పచ్చగా ఉంటుంది.

పరిష్కారం: అవును/కాదు మాత్రమే చెప్పే బూలియన్ వదిలేసి, పేర్లు పెట్టిన స్థితుల జాబితా అయిన ఈనమ్ పెట్టండి. పాస్, ఫెయిల్యూర్, ఎర్రర్, స్కిప్, ఊహించిన ఫెయిల్, ఊహించని పాస్ — వీటితోపాటు ‘ఫలితం రాలేదు’ అన్న స్థితి కూడా. ఫలితాన్ని దాచే కొత్త ఆబ్జెక్టును సృష్టించినప్పుడు దాని మొదటి విలువ ఆ చివరిదే కావాలి, పొరపాటున కూడా పాస్ కాకూడదు.

లక్షణం: లెక్క కుదరడం లేదు

మొత్తంలోంచి ఫెయిల్యూర్లు, ఎర్రర్లు తీసేస్తే పాస్‌లు మిగులుతాయన్న సూత్రం చూడముచ్చటగా ఉంటుంది. కానీ యూనిట్‌టెస్ట్‌లో ‘సబ్‌టెస్ట్’ (ఒకే టెస్టు లోపలి చిన్న టెస్టు) వాడిన ఒక్క టెస్టులో మూడు చోట్ల తప్పితే టెస్టులు 1, ఫెయిల్యూర్లు 3. పాస్‌లు మైనస్ రెండన్నమాట. పైటెస్ట్‌లో అయితే ఒకే టెస్టు పాసై, దాని టియర్‌డౌన్ విరిగితే ఒక పాస్, ఒక ఎర్రర్ అని రెండూ లెక్కకు వస్తాయి. తీసివేతలు మానేసి, ఒక్కో టెస్టు గుర్తింపు పేరు కింద దాని ఘటనలన్నీ చేర్చి, వాటిలో అన్నిటికన్నా చెడ్డదాన్ని తుది స్థితిగా తీసుకోండి.

లక్షణం: సరిచేసినా పాత ఫెయిలే కనిపిస్తోంది, లేదా కూలిన బిల్డుకు నిన్నటి పాస్ కనిపిస్తోంది

పైటెస్ట్ ఎక్స్ఎంఎల్ రిపోర్టును చివర్లోనే రాస్తుంది. మధ్యలో ప్రాసెస్ చనిపోతే కొత్త ఫైలు పుట్టదు, ఫోల్డరులో నిన్నటిది అలాగే ఉంటుంది. నడిపే ముందు పాత రిపోర్టును తీసేయండి. నడిచాక ఫైలు లేకపోతే, అదే ‘ఫలితం రాలేదు’.

లక్షణం: ‘ఫెయిల్ కావాలి’ అని గుర్తు పెట్టిన టెస్టు ఎప్పుడో బాగుపడింది, ఎవరికీ తెలియలేదు

పైటెస్ట్‌లో ‘ఎక్స్‌ఫెయిల్’ గుర్తున్న టెస్టు పాస్ అయితే, మామూలుగా అది బిల్డును ఆపదు. సెట్టింగుల్లో ‘ఎక్స్‌ఫెయిల్_స్ట్రిక్ట్’ను ట్రూ చేస్తే అది ఫెయిల్‌గా పైకి వస్తుంది. గుర్తు పెట్టిన చోటే కారణం కూడా ఒక వాక్యంలో రాయండి. ఆరు నెలల తర్వాత ఆ గుర్తు తీయాలా వద్దా అని తేల్చాల్సింది బహుశా మీరే.