విశాఖ నుంచి తొలిసారి దూరదేశం వెళ్తున్నవాళ్ళకి: విమానంలో సీటు ఎలా చూసుకోవాలి

మన వైజాగ్ వాళ్ళకి కిటికీ సీటంటే ప్రాణం. అరకు రైలెక్కినా, భీమిలి బస్సెక్కినా ముందు కిటికీ దగ్గరికే పోతాం. కాంప్లెక్స్‌లో బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకుని పెరిగినవాళ్ళం. అందుకే మొదటిసారి అమెరికాకో కెనడాకో టికెట్ అయ్యాక, సీటు ఎంచుకోమని యాప్ అడగ్గానే చెయ్యి తిన్నగా కిటికీ పక్కకే పోతుంది. నేనూ అదే చేశాను. ఇప్పుడు కొత్తగా బయలుదేరే పిల్లలు, వాళ్ళని చూడటానికి వచ్చే అమ్మానాన్నలు కూడా అదే చేస్తుంటే బాధనిపించి ఇది రాస్తున్నాను.

నా మొదటి ప్రయాణంలో గల్ఫ్‌లో విమానం మారాక దాదాపు 16 గంటల దారి. నాది కిటికీ సీటు, పక్కన ఇద్దరు పెద్దవాళ్ళు. ఎక్కిన గంటకే దుప్పటి ముసుగేసుకుని పడుకున్నారు. లేపాలంటే మొహమాటం. లేపకపోతే బాత్రూమ్‌కి వెళ్ళలేను, అందుకని నీళ్ళు తాగడమే మానేసి కూర్చున్నాను. దిగే ముందు చూసుకుంటే పాదాలు ఉబ్బిపోయి బూట్లలో పట్టడం లేదు. లేసులు మొత్తం లాగేసి, మడమ దగ్గర బూటు తొక్కుకుంటూ, చేతిలో ఐ-20 (అమెరికా కాలేజీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) కాగితాలతో ఇమ్మిగ్రేషన్ లైన్లో నిలబడ్డాను. తల దిమ్ముగా ఉంది, ఆఫీసర్ అడిగిన మొదటి ప్రశ్నే అర్థం కాక మళ్ళీ అడిగించుకున్నాను. కొత్త దేశంలో మొదటి గంట ఎవరికీ అలా గడవకూడదు.

అప్పటి నుంచి దూర ప్రయాణానికి సీటు చూసేటప్పుడు నేను లెక్కపెట్టేది రెండే. నేను లేవాలంటే ఎంతమందిని లేపాలి? నన్ను దాటుకుని ఎంతమంది వెళ్ళాలి? ఈ రెండూ తక్కువగా ఉన్న సీటే నా దృష్టిలో మంచి సీటు. కాళ్ళ జాగా, వ్యూ, భోజనం ముందు రావడం, ఇవన్నీ దీని తర్వాతే.

లెక్క ఎలాగో చెప్తాను. పెద్ద విమానాల్లో మధ్యలో రెండు నడవలు ఉంటాయి, మన హైదరాబాద్ విమానంలాగా ఒక్కటే కాదు. బోయింగ్ 777లో ఎకానమీ చాలా ఎయిర్‌లైన్స్‌లో ఎడమ మూడు, మధ్యలో నాలుగు, కుడి మూడు. అక్షరాలు ఏ, బి, సి, నడవ, డి, ఇ, ఎఫ్, జి, నడవ, హెచ్, జె, కె. ఒకటి అంకెలా కనిపిస్తుందని ఐ అక్షరం వాడరు, కాబట్టి హెచ్ పక్కన జె చూసి కంగారు పడొద్దు. ఇప్పుడు మీరు సి లో కూర్చుంటే ఏ, బి ఇద్దరూ మీ మీదుగానే వెళ్ళాలి. అదే డి లో కూర్చుంటే ఇ లో ఉన్న ఒక్కరే మిమ్మల్ని లేపుతారు, ఎఫ్ వాళ్ళు అటు జి వైపు నుంచి వెళ్ళిపోతారు. రెండూ ఐల్, అంటే నడవ పక్క, సీట్లే, డబ్బు కట్టాల్సి వస్తే రేటు కూడా చాలాసార్లు ఒకటే, కానీ నిద్రలో చాలా తేడా వస్తుంది. ఐల్ సీటు దొరికితే చాలనుకుని కిటికీ వైపు ఐల్ తీసుకునేవాళ్ళే ఎక్కువ. మధ్య వరసలో ఐల్ అడగండి, డి గానీ జి గానీ.

బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 అయితే ఎక్కువగా మూడు, మూడు, మూడు. ఇందులో మధ్య వరసలో నడిమి సీటు కూడా అంత చెడ్డది కాదు, రెండు వైపులా దారి ఉంటుంది కాబట్టి ఎవరు మెలకువగా ఉంటే వాళ్ళని అడిగి లేవొచ్చు. ఏ330 లో కిటికీ వైపు రెండే సీట్లు, మొగుడూ పెళ్ళాం వెళ్తుంటే అంతకంటే హాయి లేదు. 777 తోక వైపు కూడా ఇలాంటి జంట సీట్లు దొరుకుతాయి. వెనక్కి వెళ్ళేకొద్దీ విమానం సన్నబడుతుంది కదా, చివరి కొన్ని వరసల్లో కిటికీ వైపు మూడుకి బదులు రెండే పెడతారు, పక్కన కాస్త ఖాళీ జాగా కూడా మిగులుతుంది. టాయిలెట్లు, వంటగది దగ్గర పడతాయి, దిగేటప్పుడు ఆలస్యం అవుతుంది, అయినా జంటగా వెళ్ళేవాళ్ళకి నేను ఇవే చెప్తాను. ఒక్క మాట, చిట్టచివరి వరస మాత్రం వద్దు. వెనక గోడ ఉండటంతో ఆ సీట్లు చాలా విమానాల్లో వెనక్కి వాలవు, రాత్రంతా టాయిలెట్ తలుపు చప్పుడు వేరే.

లేవడం గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో బయటపెట్టిన అధ్యయనం ప్రకారం 4 గంటలకి మించి కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపు అవుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో అది సుమారు 6,000 మందిలో ఒకరికి వచ్చేదే కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు, కానీ గంటన్నరకో రెండు గంటలకో ఒకసారి లేచి నాలుగడుగులు వెయ్యాలి, కూర్చునే మడమలు పైకీ కిందికీ ఆడించాలి, నీళ్ళు తాగాలి. విమానంలో గాలిలో తేమ చాలా తక్కువ, గొంతు ఊరికే ఎండిపోతుంది. ఇంతకుముందు గడ్డ కట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు, గర్భిణులు బయలుదేరే ముందు డాక్టర్‌ని తప్పకుండా అడగండి, బిగుతు మేజోళ్ళు కావాలో వద్దో వాళ్ళే చెప్తారు.

ఇక అమ్మానాన్నల సంగతి. ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే.

మా అమ్మానాన్న మొదటిసారి వచ్చినప్పుడు సీట్ల సంగతి టికెట్ చేసినవాళ్ళకే వదిలేశాను. నాన్నకి ముందెక్కడో, అమ్మకి పదమూడు వరసల వెనక, అదీ ఇద్దరి మధ్యలో. అమ్మకి తెలుగు తప్ప రాదు. గ్లాసుడు నీళ్ళు కూడా అడగలేదట. ఎయిర్‌పోర్ట్‌లో నన్ను చూడగానే "ఏట్రా, ఇంత దూరం ఉంటాదని చెప్పలేదు" అంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ తప్పు నాదే. రెండోసారి 40 డి, 40 ఇ డబ్బు కట్టి తీసుకున్నాను. ఇద్దరిలో మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళో, షుగర్ ఉండి మాటిమాటికీ లేచేవాళ్ళో నడవ పక్కన కూర్చోవాలి, రెండోవాళ్ళు పక్కన. అప్పుడు లేపాల్సింది సొంత మనిషినే, పరాయివాళ్ళని కాదు. ఇంకో చిన్న సంగతి: డి కి నడవ ఎడమ పక్కన ఉంటుంది, జి కి కుడి పక్కన. ఎడమ మోకాలు ముడవలేనివాళ్ళకి డి, కుడి మోకాలైతే జి. కాలు కాస్త నడవలోకి చాపుకోవచ్చు, ట్రాలీ వచ్చేటప్పుడు మాత్రం లోపలికి తీసుకోమని ముందే చెప్పండి, అది గట్టిగా తగులుతుంది.

సీటు నంబరు తెలుగులో రాసివ్వండి. నేను చిన్న కాగితం మీద "40 డి అమ్మ, 40 ఇ నాన్న" అని రాసి, పక్కనే ఇంగ్లిష్ అక్షరం పెద్దగా వేసి ఫోటో తీసి పంపితే, నాన్న దాన్ని అలాగే దింపుకుని పాస్‌పోర్ట్ కవర్లో పెట్టుకున్నారు. నంబర్లు తల మీద సామాన్లు పెట్టే అర కింద పట్టీ మీద ఉంటాయని వీడియో కాల్‌లో చెప్పాను. ఆసారి ఎవర్నీ అడక్కుండా అమ్మే ముందు నడిచి సీటు కనిపెట్టిందట, ఇప్పటికీ అది చెప్పుకుంటుంది.

చంటిపిల్లలు ఉంటే దారి వేరు. క్యాబిన్‌లో ఒక్కో భాగం మొదట్లో ఎదురుగా గోడ ఉండే వరసలో ఉయ్యాల తొట్టి, అంటే బాసినెట్, తగిలిస్తారు. అది యాప్‌లో కనిపించదు చాలాసార్లు, టికెట్ అయిన రోజే ఫోన్ చేసి అడగాలి. బరువు పరిమితి ఒక్కో ఎయిర్‌లైన్‌కి ఒక్కోలా ఉంటుంది కాబట్టి పాప బరువు చూసుకుని అడగండి. పిల్లలు లేనివాళ్ళు కాళ్ళ జాగా చూసి ఆ వరసకి ఆశపడొద్దు. ట్రే, చేతి పిడిలో నుంచి వస్తుంది కాబట్టి పిడి పైకి లేవదు, ఎదురు సీటు లేదు కాబట్టి బ్యాగు కింద పెట్టుకోనివ్వరు, పక్కన ఏడ్చే పాప ఉంటే తప్పు ఎవరిదీ కాదు. కాస్త పెద్ద పిల్లలైతే, 12 ఏళ్ళ లోపు వాళ్ళకి ఒకే టికెట్‌లో ఉన్న తల్లినో తండ్రినో పక్కన కూర్చోబెట్టాలని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో ఎయిర్‌లైన్స్‌కి చెప్పింది. అయినా విదేశంలో మారే రెండో విమానానికి దాన్నే నమ్ముకుని ఉండకండి, ముందే సీట్లు కలిపి పెట్టించుకోండి.

ఎమర్జెన్సీ తలుపు దగ్గర సీటు ఆరడుగుల కుర్రాళ్ళకి 16 గంటల దారిలో డబ్బుకి తగిన విలువే. పెద్దవాళ్ళకి, గర్భిణులకి, పిల్లలున్నవాళ్ళకి ఇవ్వరు. అవసరమైతే తలుపు తియ్యడానికి సాయం చెయ్యాలి, సిబ్బంది చెప్పేది అర్థం కావాలి. తలుపు పక్కన పాదాలకి చలి కొడుతుంది, మందం మేజోళ్ళు ఉంచుకోండి. టేకాఫ్‌లో బ్యాగు పైన పెట్టాల్సిందే కాబట్టి పాస్‌పోర్ట్, కాగితాలు ఒంటి మీద ఉండేలా చూసుకోండి.

కుదుపులంటే భయం ఉన్నవాళ్ళు రెక్కల దగ్గర కూర్చోవాలి, తోక వైపు ఊపు ఎక్కువ. చప్పుడు తక్కువ కావాలంటే ఇంజిన్లకి ముందు, అంటే ఎకానమీ మొదటి వరసల్లో. మీకు తర్వాతి విమానానికి టైమ్ తక్కువ ఉన్నా, దిగిన చోట ఇమ్మిగ్రేషన్ లైన్ పెద్దదని తెలిసినా ముందు వరసలు మేలు. అబుదాబి నుంచి అమెరికా వెళ్ళే విమానాల్లో అయితే ఆ ఇమ్మిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది, అమెరికాలో దిగాక ఈ తొందర అక్కర్లేదు.

కిటికీ పూర్తిగా వద్దని కాదు. ఎక్కగానే నిద్రపోయి ఆరు గంటలు లేవని మనిషైతే, రాత్రి విమానమైతే, గోడకి తల ఆనించి పడుకోవచ్చు, తీసుకోండి. పగటి ప్రయాణమైతే ఎండ ఎటొస్తుందో చూసుకోండి. మన అర్ధగోళంలో పగలు పడమరకి వెళ్తుంటే ఎండ ఎక్కువసేపు ఎడమ వైపు, తూర్పుకి వెళ్తుంటే కుడి వైపు. కొన్ని వరసల్లో కిటికీ సీటని పేరే గానీ ఎదురుగా ఉత్త గోడ ఉంటుంది, అది ఎయిర్‌లైన్ సీటు మ్యాప్‌లో తెలియదు.

అందుకే సీటు ఎంచుకునే ముందు మీ విమానం ఏ రకమో టికెట్‌లో చూసి, ఏరోలోపా (aeroLOPA) అనే సైట్‌లో అదే ఎయిర్‌లైన్, అదే రకం తెరిచి చూడండి. కిటికీలు, తలుపులు, టాయిలెట్లు ఎక్కడున్నాయో కొలత ప్రకారం గీసి ఉంటుంది. కొత్తవాళ్ళు తికమక పడేది ఇంకోటి: టికెట్ ఒక ఎయిర్‌లైన్ పేరు మీద, విమానం ఇంకొకరిది. అప్పుడు చాలాసార్లు నడిపేవాళ్ళ సైట్‌లోనే సీటు దొరుకుతుంది, వాళ్ళ పీఎన్ఆర్ వేరుగా ఉండొచ్చు. అది టికెట్ చేసినవాళ్ళని అడిగి తీసుకోండి.

సీటుకి డబ్బు కట్టాలా అని అందరూ అడుగుతారు. ఒంటరిగా వెళ్ళే కుర్రాళ్ళు ఆగొచ్చు. చెక్-ఇన్ ఎయిర్‌లైన్‌ని బట్టి 24 గంటల ముందో 48 గంటల ముందో తెరుస్తారు, ఆ నిమిషానికి అలారం పెట్టుకుని కూర్చుంటే మంచివే దొరుకుతాయి. పెద్దవాళ్ళకి, పిల్లలున్నవాళ్ళకి మాత్రం కట్టెయ్యండి, అదీ పొడుగు దారికే. వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి గంటంబావు ప్రయాణానికి కట్టక్కర్లేదు. కట్టాక కూడా వారానికోసారి టికెట్ తెరిచి చూడండి, విమానం మారిస్తే మీ సీటు ఎక్కడికో పోతుంది, ఆ రోజే ఫోన్ చేస్తే సరిచేస్తారు.

విమానంలో ఎవరైనా సీటు మార్చుకుందామని అడిగితే, ఇచ్చే సీటు మీదానికి తగ్గట్టుగా ఉందా అని ముందు చూడండి. డి ఇచ్చి నడిమి సీటుకి వెళ్ళాల్సిన పని లేదు, "సారీ, నేను ముందే చూసుకుని తీసుకున్నాను" అంటే చాలు. మార్చుకుంటే మాత్రం సిబ్బందికి చెప్పండి. మీరు ముందే చెప్పుకున్న శాకాహార భోజనం మీ పాత సీటు నంబరు మీదే వస్తుంది.

ఇంకొకటి, తిరుగు ప్రయాణం టికెట్ తీసుకునేటప్పుడు ఆఖరి ముక్క, అంటే మన ఊరికి వచ్చే చిన్న విమానంలో, అప్పుడు తీసుకోండి కిటికీ. మా అమ్మ కూడా ఆ ఒక్కచోటే ఏ కావాలంటుంది. పదహారు గంటలు నడవ పక్కన కూర్చుని వచ్చాక, దిగే ముందు సముద్రం మీద నిలబడ్డ ఓడలు, డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తే "అదిగో వచ్చీసాం" అని నాన్నని తట్టి లేపుతుంది.