బంగారు రేకును ఉత్ప్రేరకంగా మలచే విధానం

విజయవాడ వన్‌టౌన్‌లో కంసాలులు వెండి కలిసిన బంగారాన్ని నత్రికామ్లంలో వేసి శుద్ధి చేయడం చూసినవారికి బంగారు రేకును ఉత్ప్రేరకంగా, అంటే రసాయన చర్యను వేగపరిచే పదార్థంగా, మలచడంలోని మూలసూత్రం కొత్తది కాదు: ఆమ్లం వెండిని కరిగిస్తుంది, బంగారం మిగులుతుంది.

బరువులో సగం బంగారం, సగం వెండి ఉండి, మందం 100 నానోమీటర్లకు అటూఇటూగా ఉన్న 12 క్యారెట్ల రేకును గాఢ నత్రికామ్లంపై తేలేలా మెల్లగా వదలాలి. ఈ పనిని విషవాయువులను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే, కళ్లద్దాలు, తగిన చేతి తొడుగులు ధరించి చేయాలి. వెండి కరిగేకొద్దీ మిగిలిన బంగారు పరమాణువులు ఉపరితలంపై కదిలి, ఒకచోట చేరి, స్పాంజివంటి అల్లికగా ఏర్పడతాయి. వెండి వల్ల తెల్లగా ఉన్న రేకు కొద్ది నిమిషాల్లోనే రాగి ఛాయకు తిరుగుతుంది. అక్కడితో ఆపడం మంచిది, ఎందుకంటే ఎక్కువసేపు ఉంచితే రంధ్రాలు పెద్దవై, ఉత్ప్రేరకంగా పనిచేసే ఉపరితల వైశాల్యం తగ్గుతుంది. మే నెల ఎండల్లో ఆమ్లం వేడెక్కితే ఈ మార్పు మరింత త్వరపడుతుంది కనుక, ఉదయం పూటే పని ముగించాలని నా సలహా.

కడగడానికి స్వేదనజలమే వాడాలి. కుళాయి నీటిలోని క్లోరైడు వెండితో కలిసి రేకుపై తెల్లని పొరగా పేరుకుంటుంది.

రేకు ఉత్ప్రేరకంగా పనిచేస్తోందో లేదో పరీక్షించడానికి 4-నైట్రోఫినాల్, సోడియం బోరోహైడ్రైడు కలిపిన పసుపుపచ్చని ద్రావణంలో రేకును ఉంచాలి; అది పనిచేస్తుంటే రంగు క్రమంగా వెలిసిపోతుంది. రేకులో కొద్దిగా మిగిలిన వెండిని లోపంగా భావించనక్కరలేదు. ఈ రేకును ఉత్ప్రేరకంగా వాడే కార్బన్ మోనాక్సైడు ఆక్సీకరణంలో ఆక్సిజన్‌ను చైతన్యపరిచేందుకు అది తోడ్పడుతుంది.

వాడిన ఆమ్లాన్ని కాలువలో పారబోయకుండా, బాగా పలుచన చేసి, ఉప్పునీరు కలిపి వెండిని అవక్షేపంగా తిరిగి రాబట్టుకోవాలి.