ఇంటి విందుకు టేబుల్ సర్దడం – 3వ పాఠం: ఒకసారి కూర్చుని చూడండి

కొత్త పాఠంలోకి వెళ్లే ముందు పోయినసారి టేబుల్ క్లాత్ గొడవ తేల్చేయాలి. 2వ పాఠంలో "అంచు నుంచి 25 సెంటీమీటర్లు కిందికి వేలాడేలా గుడ్డ తీసుకోండి" అని రాశాను. చాలామంది టేబుల్ పొడవుకు ఒక 25, వెడల్పుకు ఒక 25 కలిపి కత్తిరించేశారు. తీరా పరిస్తే, ఒకవైపు లాగినప్పుడల్లా రెండోవైపు చెక్క బయటపడుతోంది. తప్పు నాదే. గుడ్డ రెండు వైపులా వేలాడుతుందని వేరే చెప్పాలా అనుకున్నాను. చెప్పాల్సింది.

180 సెంటీమీటర్ల పొడవు, 90 వెడల్పు ఉన్న టేబుల్‌కి 25ని రెండేసి సార్లు కలపాలి. అంటే 230, 140. అంచు మడిచి కుట్టడానికి ప్రతివైపూ ఇంకో 2, 3 సెంటీమీటర్లు వదలండి. గుండ్రటి టేబుల్ అయితే నడిమధ్యగా అడ్డంగా కొలిచి, దానికి 50 కలపండి.

లెక్క సరిగ్గా వేసినవాళ్లలో కొందరికి ఉతికాక పొట్టిదైపోయింది. నూలు గుడ్డ మొదటి ఉతుకులో కాస్త ముడుచుకుంటుంది. 230లో 4 శాతం పోయినా 9 సెంటీమీటర్లు పోయినట్టే. కాబట్టి ముందు తడిపి, ఆరబెట్టి, ఆ తర్వాతే కత్తెర పట్టండి.

ఇప్పటికే పాడుచేసుకున్నవాళ్లు ఆ గుడ్డను పారేయకండి. 205 పొడవు, 115 వెడల్పు మిగిలి ఉంటుంది కదా. దాన్ని 45 సెంటీమీటర్ల వెడల్పున మూడు పట్టీలుగా కోసి, టేబుల్‌కి అడ్డంగా పరవండి. ఒక్కో పట్టీ ఎదురెదురుగా కూర్చునే ఇద్దరి ప్లేట్ల కిందికీ వస్తుంది, రెండు వైపులా 12 సెంటీమీటర్ల దాకా వేలాడుతుంది. ఆరుగురికి మూడు పట్టీలు చాలు. నిజం చెప్పాలంటే నాకు పూర్తి క్లాత్ కంటే ఇవే ఇష్టం. మరక పడితే ఒక్క పట్టీ ఉతుక్కుంటే సరిపోతుంది.

ఇక ఈ వారం పని. ప్లేట్లు, స్పూన్ల గురించి ఎక్కువ చెప్పను. మనిషికి 60 సెంటీమీటర్ల చోటు. ఫోర్కు ఎడమవైపు, కత్తి, స్పూను కుడివైపు. కత్తి పదును ప్లేటు వైపుకు తిరిగి ఉండాలి, గ్లాసు కత్తి కొనకు కాస్త పైన ఉండాలి. అంతే. నాప్‌కిన్లతో హంసలు, విసనకర్రలు చేయడం నేను నేర్పను. రెండు మడతలు పెట్టి ప్లేటు మీద పెట్టేస్తాను. రంగులంటారా, రెండు చాలు. మూడోది పూలే తెచ్చుకుంటాయి.

నాకు ఒళ్లు మండించే విషయం ఇంకొకటుంది. అందరూ టేబుల్‌ని నిలబడి సర్దుతారు, నిలబడే చూసుకుంటారు, నిలబడే "అబ్బ, ఎంత బాగుందో" అనుకుంటారు. వచ్చినవాళ్లు మాత్రం కూర్చుంటారు!

లెక్క చూడండి. టేబుల్ ఎత్తు దాదాపు 75 సెంటీమీటర్లు. నిలబడి ఉన్నప్పుడు మీ కళ్లు ఆ పైన ఇంకో 75, 80 ఎత్తున ఉంటాయి. అక్కడి నుంచి పూల గుత్తి, కొవ్వొత్తులు, మధ్యలో పరిచిన ఆకులు అన్నీ విడివిడిగా ముచ్చటగా కనిపిస్తాయి. కుర్చీలో కూర్చున్నాక కళ్లు టేబుల్‌కి 40 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తుకు దిగిపోతాయి. అప్పుడు అదే పూల గుత్తి ఒక గోడ. దాని వెనక మనిషి ఉన్నారని గొంతు వింటే తప్ప తెలియదు.

ఒకసారి నేను 45 సెంటీమీటర్ల ఎత్తున, సగం రోజు కూర్చుని ఒక పూల అమరిక చేశాను. సూప్ అయ్యేసరికి అది కిటికీ గట్టు మీద ఉంది. ఎవరు తీశారో చూడలేదు. మళ్లీ తెచ్చి పెట్టాను. రెండోసారి ఏకంగా వంటగదిలో కనిపించింది. అప్పటికి గాని నాకు బుర్రకెక్కలేదు.

అందుకని నా కొలతలు ఇవి: మధ్యలో పెట్టేది ఏదైనా 30 సెంటీమీటర్ల లోపు ఉండాలి. లేదంటే 60 పైన, సన్నటి కాడ మీద నిలబడి ఉండాలి, కాడకు అటూ ఇటూ ముఖాలు కనిపించాలి. 30కీ 60కీ మధ్య ఏమీ వద్దు. టేపు చేతిలో లేకపోతే మోచేయి టేబుల్ మీద ఆనించి చెయ్యి నిటారుగా పెట్టండి. అలంకరణ మణికట్టు దాటకూడదు.

ఇది పూలకే అనుకుంటారు, కాదు. 20 సెంటీమీటర్ల స్టాండులో 25 సెంటీమీటర్ల సన్న కొవ్వొత్తి పెడితే మంట ఎంత ఎత్తున ఉంటుంది? 45. అంటే నేరుగా ఎదుటివాళ్ల కంట్లో. సన్న కొవ్వొత్తి గంటకు దాదాపు రెండున్నర సెంటీమీటర్లు కరుగుతుంది, కాబట్టి రెండు గంటలు గడిచినా మంట 40 దగ్గరే ఉంటుంది, భోజనం మొత్తం కళ్లు చికిలించుకునే తినాలి. పండ్లు గోపురంలా పేర్చిన గిన్నె కూడా అంతే, గిన్నె ఎత్తు 12 అయినా పైన పేర్చినవి కలిపితే 35 అవుతుంది. వాజులో కొమ్మలు పెడితే రాత్రికి బరువుకు వంగి ఎవరో ఒకరి గ్లాసులో ఆకు ముంచుతాయి. నిలువు ఫ్రేములో పెట్టిన పేర్ల కార్డులు, పొడవాటి నీళ్ల సీసాలు, ఎత్తు పీట మీద పెట్టిన కేకు... ఇవన్నీ అలంకరణ లెక్కలోకి రావని అనుకుంటాం. కంటికి అడ్డం వస్తే వచ్చినట్టే. టేబుల్ చివర కూర్చున్నవాళ్లకైతే వరసగా పెట్టినవన్నీ ఒకదాని వెనక ఒకటి చేరి కంచెలా కనిపిస్తాయి.

వెడల్పు సంగతి కూడా చెప్పాలి. 90 సెంటీమీటర్ల టేబుల్ మీద 27 ప్లేటు, అంచు నుంచి 2 వదిలితే ఒకవైపు 29. రెండు వైపులా 58. గ్లాసుకు ఎనిమిదేసి వేసుకోండి, 74. మిగిలింది 16. పూలు, కొవ్వొత్తులు, ఉప్పు డబ్బా, జగ్గు, వడ్డించే గిన్నెలు అన్నీ ఆ 16లోనే సర్దుకోవాలి. సర్దుకోవు. నేను వడ్డించే గిన్నెలన్నీ గోడవారగా ఇంకో చిన్న టేబుల్ మీద పెట్టేస్తాను. అది లేనివాళ్లు ఇస్త్రీ టేబుల్ మీద దుప్పటి పరిచినా నేను ఏమీ అనను, కాకపోతే బరువైనవి పెట్టకండి.

కొవ్వొత్తులు, పూలు రెండూ వాసన లేనివే తీసుకోండి. వాసన ఉన్నవైతే వంట వాసనతో పోటీకి దిగుతాయి. మంటకు ఆకులు, రిబ్బన్లు దగ్గరగా ఉండకూడదు. గుడ్డ మీద మైనం పడితే వేడిగా ఉండగా తుడవకండి, గట్టిపడ్డాక గీకేసి, పైనా కిందా తెల్లకాగితం పెట్టి గోరువెచ్చని ఇస్త్రీ చేయండి. పై లైటు కాస్త తగ్గించండి, బల్బు 2700 కెల్విన్ పసుపు వెలుగుది అయితే మంచిది.

అభ్యాసం ఈసారి కష్టమే. ఎవరినీ పిలవకుండా ఆరుగురికి టేబుల్ పూర్తిగా సర్దండి. ఖాళీ గిన్నెలైనా సరే, అన్నీ ఉండాలి. ఆరు కుర్చీల్లోనూ రెండేసి నిమిషాలు కూర్చోండి. ప్రతి కుర్చీ నుంచీ ఎదుటి కుర్చీ వీపు పైభాగం కనిపించాలి, కనిపించకపోతే అడ్డం వచ్చింది తీసేయండి. తర్వాత నిండు నీళ్ల జగ్గు ఈ చివర నుంచి ఆ చివరకు, ఏ వస్తువునూ జరపకుండా, ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందించాలి. దీనికి ఇంట్లోవాళ్లను బతిమాలుకోండి. చివరగా కొవ్వొత్తులు వెలిగించి, మీరు అక్కడే ఉండి, రెండు గంటల తర్వాత మైనం ఎక్కడ కారిందో చూడండి. మొత్తం తీసేసి, మర్నాడు మూడో వంతు వస్తువులు తగ్గించి మళ్లీ సర్దండి. ఇలా మూడు రోజులు. మూడో రోజుకు విసుగొస్తుంది, నాకు కావాల్సింది కూడా అదే. ఆ విసుగులో మీరు పెట్టకుండా వదిలేసిన వస్తువుల జాబితా రాసుకోండి, 4వ పాఠానికి అది కావాలి.

ఇంకో మాట, పాకే పిల్లలు ఉన్న ఇంట్లో 25 సెంటీమీటర్ల వేలాడే గుడ్డ వద్దు. లాగితే మొత్తం నెత్తి మీదకు వస్తుంది. పట్టీలు కూడా వేలాడకుండా అంచు దగ్గరే మడిచి కుట్టేయండి.